మృతుని సమీప బంధువు

మూడుకీ నాలుగుకీ మధ్య వస్తానన్నాడు జైలు శాఖ ఆఫీసరు. మూడుకా నాలుగుకా అంటే చెప్పకుండా ఫోన్ పెట్టేశాడు, దాంతో మధ్యలో ఉన్న గంటంతా ఆమె నెత్తిన పడింది. గోడ గడియారం మూడూ రెండు చూపిస్తోంది. ఆమె మిషన్ ముందు కూర్చుని మాస్కులు కుడుతోంది. చెయ్యి ఖాళీగా ఉంటే బుర్ర ఊరుకోదని కుడుతోంది గానీ, బుర్ర చేతుల మాట వినే రకం కాదు, దాని పాటికది ఎటెటో తిరిగి వస్తోంది, తిరిగి వచ్చి మళ్లీ ఆ సొరుగు దగ్గరే ఆగుతోంది. ముందు గదిలో మంచం మీద తల్లి. తుంటి విరిగి రెండేళ్లయింది, కాళ్లు కదలవు, గొంతు మాత్రం వీధి చివరిదాకా వెళ్లి రాగలదు. "వచ్చాడా?" అంది తల్లి. రాలేదమ్మా. "గేటు గడియ తీసే ఉంచావా?" తీసే ఉందమ్మా. "వెనక గది ఇంకోసారి ఊడ్చకపోయావా, ఆయన కంట్లో దుమ్ము పడితే వద్దంటాడేమో." ఊడ్చానమ్మా, పొద్దున రెండుసార్లు ఊడ్చాను. రెండుసార్లేమిటి, పదకొండు రోజులుగా ఆ గది ఊడుస్తూనే ఉంది, నేల అరిగిపోవాలి అసలైతే.

ఆఫీసరు కోసం ఇంట్లో రెండు కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. తల్లికి తెలిసింది ఒక్కటే. అది తెల్లది, ఎగిరిపోకుండా కత్తెర కింద ఉంది. రెండోది పసుపుది, కనపడకుండా మిషన్ సొరుగులో దారపు ఉండల కింద ఉంది. రెండూ ఒకే పొద్దున వచ్చాయి. పోస్ట్‌మాన్ చేతులకి తొడుగులేసుకుని, ఆమె గేటు దగ్గరికి రాగానే పామును చూసినట్టు రెండడుగులు వెనక్కి వేసి, రెండు కవర్లూ ప్రహరీ గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఒక దాని మీద 'ఖైదీ సోదరి' అని ఉంది, రెండో దాని మీద 'మృతుని భార్య' అని ఉంది. ఇంటి నంబరు ఒకటే, వీధి ఒకటే, అందుకోవలసిన చెయ్యి ఒకటే. చంపినవాడి చెల్లెలూ చచ్చిపోయినవాడి పెళ్లామూ ఒక్క మనిషే అయితే ఏం చెయ్యాలో ఆ ఫారాలు అచ్చేసిన వాళ్లకి తట్టినట్టు లేదు. తెల్లది అడుగుతుంది: జైల్లో జబ్బు పాకుతోంది, ఊపిరితిత్తుల రోగం ఉన్న మీ వాడు కారుణ్య విడుదల కోసం అర్జీ పెట్టుకున్నాడు, వదిలితే ఇంట్లో పెట్టుకుంటారా, విడిగా గది ఉందా, గదికి కిటికీ ఉందా. పసుపుది అడుగుతుంది: మీ వాణ్ణి చంపిన మనిషిని ముందుగా వదలాలనుకుంటున్నాం, మీకు అభ్యంతరం ఉందా. ఉంది, లేదు, పక్కపక్కనే రెండు గళ్లు. వాటి కింద కారణాలు, మూడు పంక్తులకు మించరాదట. తెల్లదాన్ని వచ్చిన రోజే తల్లి మంచం పక్కన కూర్చుని పూర్తి చేసింది. ఖైదీతో మీ సంబంధం అన్న చోట చెల్లెలు అని గబగబా రాసేసింది, కింద సంతకం పెట్టింది, తల్లి ఆ కాగితాన్ని లాక్కుని కళ్లకద్దుకుంది. పసుపుదాన్ని మాత్రం వంటింట్లో నిలబడి చదివింది. మృతునితో మీ సంబంధం అన్న చోట రెండక్షరాలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. గళ్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

మూడూ పది. వీధిలో పోలీసుల జీపు మైకులో ఎవరూ బయటికి రావద్దని అరుచుకుంటూ పోయింది, వినడానికి వీధిలో ఎవరూ లేరు. కుట్టిన మాస్కుని దారం తెంపి కుప్పలో వేసింది. ఈ కుప్ప ఆసుపత్రికి పోతుంది, అంతకుముందు కుట్టిన మూడొందలూ జైలుకే వెళ్లాయి, వాటిలో ఒకటి అన్న మూతికి చేరిందేమో, చేరే ఉంటుంది, తన కుట్టు వెనక నుంచి తన అన్న గాలి పీలుస్తూ ఉంటాడు. గాలి పీల్చడం అన్నకి పుట్టినప్పటినుంచీ పెద్ద పనే. చిన్నప్పుడు వర్షాకాలం వస్తే పిల్లిపిల్లలు కూసినట్టు వాడి ఛాతీలోంచి కూత వినపడేది, తల్లి వీపు నిమురుతూ తెల్లార్లూ కూర్చునేది, ఆమె వేడినీళ్ల గిన్నె పట్టుకుని నిలబడేది, ఆరేళ్ల పిల్ల, గిన్నె కాలుతుంటే కూడా పట్టుకునేది. ఎవరూ పట్టుకోమనలేదు, పెట్టెయ్యమనీ అనలేదు. ఇప్పుడు ఆ ఛాతీ పన్నెండుమంది పట్టే గదిలో నలభైమంది మధ్య ఉంది. ఉత్తరం వచ్చి వారమైంది, మూల మీద జైలు ముద్ర, చదివి పంపామని. "చెల్లీ, నా పక్కన పడుకునే ముసలాయన్ని మొన్న తీసుకెళ్లారు, తిరిగి రాలేదు. ఆయన దుప్పటి ఇక్కడే ఉంది, ఎవరూ ముట్టుకోవడం లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. అమ్మకి చెప్పకు. వెనక గది ఖాళీ చేయించు, అక్కడైతే గాలి బాగా ఆడుతుంది. కిటికీ రెక్క ఒకటి సరిగ్గా పడదు, అది కాస్త చూసుకో." ఏడుపొచ్చింది చదివితే. ముసలాయన దుప్పటి దగ్గర నిజంగానే ఏడ్చింది. కిటికీ రెక్క దగ్గరికి వచ్చేసరికి కళ్లు వాటంతటవే ఆరిపోయాయి. వెనక గది అని రాశాడు. ఆ కిటికీ రెక్క పడదని వాడికెలా తెలుసంటే, ఆ గదిలో సాయంత్రాలు ముక్కాలిపీట మీద కూర్చుని వాడు టీ తాగేవాడు, టీ ఇచ్చేది ఆమె, ఎదురుగా కూర్చుని మిషన్లు విప్పుతూ వాడితో కబుర్లాడేది ఆమె మొగుడు. అప్పట్లో ఆ గదిని ఎవరూ వెనక గది అనేవారు కాదు, ఆయన గది అనేవారు.

ఆయన మిషన్లు బాగుచేసే మనిషి. ఈ మిషన్ బాగుచెయ్యడానికే మొదటిసారి ఇంటికొచ్చాడు, చెవి ఆనించి చక్రం తిప్పి, "ఏం తల్లీ, ఎందుకలిగావు?" అని మిషన్‌ని అడిగాడు, పక్కన నిలబడ్డ పిల్లని చూడను కూడా లేదు. పిల్లకి ఒళ్లు మండింది. వారం తిరక్కుండా మిషన్ మళ్లీ పాడైంది. పది రోజులకి ఇంకోసారి పాడైంది. మూడోసారి వచ్చినప్పుడు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, "ఈ స్క్రూ దానంతటది వదులవ్వదండీ, ఎవరో పనిగట్టుకుని వదులు చేస్తున్నారు. ఎవరో తెలిస్తే చెప్పండి, వాళ్లింటికే మకాం మారుస్తాను," అన్నాడు. మార్చాడు కూడా. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి, అనాథాశ్రమంలో పెరిగి, పని నేర్చుకుని, ఒక ట్రంకు పెట్టెతో ఈ ఇంటికొచ్చాడు. తల్లి ఆయన్ని ఒక్కనాడూ అల్లుడని పిలవలేదు, నూనె మనిషి అనేది, నూనె మనిషి భోంచేశాడా, నూనె మనిషి ఇంకా లేవలేదా. ఆయన నవ్వేవాడు. దేనికైనా నవ్వేవాడు, అదొక జబ్బు ఆయనకి. కోపం వచ్చినవాళ్ల ముందు నవ్వకూడదని చెబితే, మరి ఏడవనా అని ఇంకా నవ్వేవాడు. చేతులు ఎంత కడిగినా గోళ్ల చివర నల్లగానే ఉండేవి, రైకల మీద వేళ్ల గుర్తులు పడేవి, ఉతికితే పోయేవి కావు, ఆమె తిట్టేది, అవే రైకలు ఇప్పుడు పెట్టె అడుగున మడతపెట్టి ఉన్నాయి.

"వచ్చాడా?" రాలేదమ్మా. "ఫోన్ చెయ్యకపోయావా." చేస్తే విసుక్కుంటాడమ్మా. "అదీ నిజమే. వాడు వచ్చాక ఆ గదిలో మంచం కిటికీ పక్కకి వెయ్యాలి." సరేనమ్మా. మూడూ ఇరవై. ఆ గది ఖాళీ చెయ్యడానికి మూడు రోజులు పట్టింది. చక్రాలు, బెల్టులు, సూదుల డబ్బాలు, తుప్పు పట్టిన మిషన్ తలకాయలు, పిడి విరిగిన స్క్రూడ్రైవర్లు, తొమ్మిదేళ్లుగా ఎక్కడివక్కడే ఉన్నాయి, ఆమె ముట్టుకోనివ్వలేదు. తల్లి మంచం మీంచి, "ఆ చెత్తంతా పారెయ్యవే, వాడికి ఆ దుమ్ము పడదు," అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వాడికి పడదు. వాడికి ఏం పడుతుందో ఏం పడదో ఈ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు, మూడు తరాల చరిత్రలా వచ్చు. మూడు గోనెసంచుల్లో కుక్కి మెట్ల కింద పెట్టింది. ఆ తరవాత నేల మీద నూనె మరక మీద సోడా వేసి తోమింది, మోకాళ్ల మీద కూర్చుని తోమింది, ఆ మరక ఎంతకీ పోలేదు, పోకపోతే బాగుండునని ఒక చేత్తో, పోతే పీడా పోతుందని ఇంకో చేత్తో తోమింది. చివరికి పోయింది. పోయినప్పుడు తన చేతుల్ని చూసుకుంటే ఎవరివో అనిపించాయి. నేలని అంత శుభ్రంగా తోమడం ఆమెకి అది రెండోసారి, మొదటిసారి తోమింది ముందు గదిలో, పోలీసులు ఇక కడుక్కోవచ్చని చెప్పి వెళ్లాక.

దాని జోలికి పోవద్దని బుర్రకి చెప్పింది. బుర్ర పోయింది. మధ్యాహ్నమే అది కూడా, ఇలాంటి ఎండే. అప్పటికి అన్నకి పని పోయి ఆరు నెలలు, ఆయన జాలిపడి మిషన్లు చేరవేసే పని ఇచ్చాడు, ఆ రోజు బాగుచేసిన మిషన్ ఒకటి మోసుకెళ్తూ గుమ్మం దగ్గర జారవిడిచాడు. తలకాయ ఊడి పడింది, స్క్రూలు గది నిండా చెల్లాచెదురయ్యాయి. ఆమె బల్ల దగ్గర నిలబడి కొత్త చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆయన తిట్టి ఉంటే సరిపోయేది, చెయ్యి చేసుకున్నా సరిపోయేదేమో. నవ్వాడు. "మొయ్యడం కూడా రాకపోతే ఎలా బావా, ఇంక నిన్ను నేనే మొయ్యాలి," అని నవ్వి, కింద కూర్చుని స్క్రూలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. అంతే. ఇంకేం లేదు. తొమ్మిదేళ్లుగా ఆ మాటని తిరగేసి బోర్లేసి చూసింది, అందులో మనిషిని చంపేంత విషయం ఎక్కడుందో కనిపెట్టలేకపోయింది. అన్న ఆమె వైపు తిరిగాడు. "ఇలా ఇవ్వు," అన్నాడు. చెయ్యి చాపాడు. చిన్నప్పటి నుంచీ ఆ గొంతుతో ఆ మాట ఎన్నిసార్లు విందో, ఇలా ఇవ్వు అంటే పెన్సిలు ఇచ్చేసేది, ఇలా ఇవ్వు అంటే గొడుగు ఇచ్చేసి తడిసేది, బస్సులో కిటికీ పక్క సీటు ఇచ్చేది, ఎందుకని అడగడం నేర్పలేదెవరూ. చొక్కా తను ఇస్త్రీ చేసుకుంటాడేమో అనుకుందా? ఏమీ అనుకోలేదు, అదే నిజం, అన్న ఇమ్మన్నాడు, చెయ్యి ఇచ్చింది. బరువైన పాతకాలం ఇస్త్రీ పెట్టె. ఆయన నేల మీద కూర్చుని వీపు ఇటు పెట్టి, బీరువా కింద దొర్లిన స్క్రూ కోసం వేళ్లు పెట్టి వెతుకుతున్నాడు. మొదటి దెబ్బకే ఆ వేళ్లు ఆగిపోయాయి. అన్న ఆ తరవాత ఇంకో రెండుసార్లు కొట్టాడు.

మిషన్ ఆగింది. దారం చిక్కుపడింది, విప్పింది, మళ్లీ ఎక్కించింది. మూడూ ముప్ఫై రెండు. కోర్టులో అయితే ఇవేవీ చెప్పలేదు. కోర్టుకి ముందు రోజు తల్లి, అప్పటికి కాళ్లున్న తల్లి, ఆమె కాళ్ల మీద పడింది, కన్నతల్లి కూతురి కాళ్ల మీద పడి, "ఆయన పోనే పోయాడు, తిరిగి తేలేవు కదే. నా కొడుకునన్నా నాకు మిగల్చు," అని పాదాలు వదల్లేదు. వకీలు ఏం చెప్పాలో చెప్పి పెట్టాడు. వంటింట్లో ఉన్నానండి, ఏదో పెనుగులాట వినపడిందండి, వచ్చేసరికి ఇద్దరూ కింద పడి ఉన్నారండి. పెనుగులాట అన్న ఒక్క మాటతో శిక్ష సగానికి సగం దిగింది. ఆ మాట చెప్పేటప్పుడు బోనులోంచి అన్న ఆమెని చూశాడు. కృతజ్ఞతతో చూశాడని అందరూ అనుకున్నారు. ఆమె మాత్రం ఎరుగును ఆ చూపుని, అడిగింది చేతికందినప్పుడు వాడు చూసే చూపే అది. ఇంతకీ ఆమె ఎవర్ని కాపాడింది? చూశానని చెబితే, ఇస్త్రీ పెట్టె నీ చేతిలోంచి ఎలా పోయిందమ్మా అని అడుగుతారు కదా, లాక్కున్నాడా, ఇచ్చావా అని అడుగుతారు కదా. అందుకని నోరు మూసుకుంది. తల్లి ఏడుపు ఒక సాకు. ఈ ముక్క తనతో తాను అనుకోవడానికి కూడా ఏళ్లు పట్టింది. అన్న ఉత్తరాల్లో ఆ సంగతి ఎత్తింది ఒక్కసారే, రెండో ఏడు, "జరిగిందేదో జరిగిపోయింది, నా జీవితం నాశనమైంది" అని. నా జీవితం. అది చదివి ఆమె పడీపడీ నవ్వింది, తల్లి ఏమిటే ఏమిటే అని కంగారుపడింది. తొమ్మిదేళ్లలో ఈ ఇంటికొచ్చిన ప్రతి మనిషీ తల్లి చెయ్యి పట్టుకుని, పాపం కొడుకు లోపల ఉన్నాడు కదా అని ఓదార్చి వెళ్లాడు, ఆమెని మాత్రం మంచినీళ్లు అడిగారు.

ఒక్క ఆ పసుపు కాగితం తప్ప. ఎక్కడో ఒక ఆఫీసులో, మొహం తెలియని గుమాస్తా ఎవడో, ఆమెని మృతుని భార్య అన్నాడు. నీకు అభ్యంతరం ఉందా అని అడిగాడు. వాడికి దండం పెట్టాలి. మృతుని సమీప బంధువు అని కూడా రాశాడు, ఆ మాట మీద వేలు పెట్టి చదువుకుంది, సమీపం అంటే ఎంత సమీపం, ఒకే దుప్పటి కింద, నూనె వాసన కొట్టే చేతి కింద మెడ. వేలు ఉంది అన్న గడి మీదికి వెళ్లేది. వెళ్లగానే ఉత్తరంలోని ముసలాయన దుప్పటి గుర్తొచ్చేది, లేదు మీదికి జరిగేది. ఇలా వారం రోజులు. మొన్న ఫోన్లో వార్త చూసింది, ఆ జైల్లో పోయినవాళ్లు తొమ్మిదిమంది అని, పేర్లు వేయలేదు. పేర్లు వేయలేదని చూసి, ఆ తొమ్మిదిమందిలో వాడొకడైతే ఎంత బాగుండును, గడి నింపే పని తప్పేది కదా అనుకుంది. స్పష్టంగా, మాటల్లో అనుకుంది. అనుకున్నందుకు సిగ్గు వేస్తుందేమో అని కాసేపు ఆగి చూసింది. వెయ్యలేదు. ఆకలి వేసింది, వెళ్లి భోంచేసింది.

అయితే వాడు రాక్షసుడేం కాదు, అది కూడా చెప్పుకోవాలి. రాక్షసుడైతే పనెంత సులువుగా ఉండేది. ఏడో తరగతి పరీక్ష రోజు వీధి నిండా మోకాటిలోతు నీళ్లు, వాడే వీపు మీద ఎక్కించుకుని బడిదాకా మోశాడు, ఛాతీ కూస్తున్నా మోశాడు, ఆమె చెవి వాడి వీపుకి ఆనించుకుని ఆ కూత వింటూ వెళ్లింది, దించాక గోడ పట్టుకుని పది నిమిషాలు రొప్పి, "పో, మంచిగా రాయి," అన్నాడు. అద్దం తను పగలగొడితే వాడు తన్నులు తిన్నాడు. ఆ వీపూ ఇదే, ఇస్త్రీ పెట్టె ఎత్తిన చెయ్యీ ఇదే, విడదీసి సగం మనిషిని లోపల ఉంచి సగం మనిషిని ఇంటికి పంపండి అంటే కుదరదు. చచ్చేటప్పుడు కూడా ఆ వీపే రొప్పుతుంది. మూడూ నలభై అయ్యేసరికి ఆమె మిషన్ ఆపి, సొరుగు తీసి, పసుపు కాగితం బయటికి తీసి, పెన్ను మూత తీసింది. బతకనీ. వచ్చి ఆయన గదిలోనే పడుకోనీ, టీ అడిగితే ఇస్తాను, ఇచ్చి ఇచ్చి అలవాటైన చెయ్యే కదా ఇది. మాట్లాడకపోతే సరి. తల్లి పోయాక ఎవరి దారి వాళ్లు చూసుకోవచ్చు. లేదు అన్న గడి మీద పెన్ను ఆనించింది, నిజంగానే ఆనించింది, చుక్క కూడా పడింది. అప్పుడు గేటు చప్పుడైంది. కాగితం మడిచి, పెన్నుతో సహా నడుము దగ్గర దోపుకుంది.

ఆఫీసరు అనుకున్నంత పెద్ద మనిషేం కాదు, బట్టతల, చెమట, చంకలో ఫైళ్లు. మాస్కు ముక్కు దగ్గర వంకరగా కుట్టి ఉంది, తన కుట్టు కాదులే అనుకుంది. గుమ్మం దాటి రాలేదు, అక్కడే నిలబడి తెల్ల కాగితం అందుకున్నాడు, గది చూపించమంటే వెనక వైపు నుంచి తిప్పి తీసుకెళ్లింది. టేపు పెట్టి పొడవూ వెడల్పూ కొలిచాడు, కిటికీ తెరిచి మూశాడు, రెక్క సరిగ్గా పడింది, ఆమె బాగుచేయించే ఉంచింది. ఫోన్తో రెండు ఫొటోలు తీసి, "బాగుందమ్మా. చాలామంది మెట్ల కింద చూపిస్తున్నారు," అన్నాడు. తిరిగి గుమ్మం దగ్గరికి వచ్చి, దూరంగా ఉన్న తల్లికి వినపడేలా గొంతు పెంచాడు.

"పెద్దమ్మగారూ, మీ అబ్బాయి ఊపిరి సంగతి డాక్టరు రాసిచ్చాడు, అన్నీ సరిపోయాయి. ఒక్కటే. చనిపోయినతని తరఫు వాళ్లకి కూడా నోటీసు వెళ్లి ఉంటుంది. వాళ్లు కాదంటే మాత్రం ఫైలు పక్కకి పోతుంది. వాళ్లెవరో మీకు తెలుసా? ఓసారి మాట్లాడి చూడరాదూ?"

తల్లి మోచేతుల మీద లేచింది. మొహం వెలిగిపోయింది, ఆ ప్రశ్న కోసమే తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నట్టు.

"ఆ భయం అక్కర్లేదు బాబూ! అతనికెవరున్నారు? దిక్కూ మొక్కూ లేని మనిషి. ఏడవడానికి కూడా ఎవరూ లేరు."

ఆమె తల్లి మంచానికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. తల్లి ఆమెని చూస్తూనే అంది ఆ మాట, నవ్వుతూ అంది, నిజమే కదే అన్నట్టు తల కూడా ఊపింది. అబద్ధం చెప్పడం లేదు తల్లి. అబద్ధమైతే కళ్లలో ఎక్కడో తెలిసేది. నిజంగానే ఎవరూ లేరు తల్లి లెక్కలో, నిజంగానే మర్చిపోయింది, పక్కింటి కుక్క చచ్చిన సంగతి మర్చిపోయినట్టు మర్చిపోయింది. "మంచిదే అయితే," అన్నాడు ఆఫీసరు. ఫైలు మూసి, నమస్కారం పెట్టి, మెట్లు దిగి స్కూటరు దగ్గరికి వెళ్లాడు. ఆమె చెప్పులు వేసుకోకుండానే వెనకాలే నడిచింది. వీధి కాలిపోతోంది, అరికాళ్లు చురుక్కుమన్నాయి, ఆ మంట హాయిగా ఉంది.

"ఉన్నారండీ," అంది.

"ఎవరు?"

"చనిపోయినాయన తరఫు మనిషి. నేనే. ఆయన భార్యని."

ఆఫీసరు స్కూటరు తాళం తిప్పబోయి ఆగాడు. తెల్ల కాగితం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "మీరు ఖైదీ చెల్లెలు కదమ్మా?"

"చెల్లెల్నే. ఇది మీ ఆఫీసు నుంచే వచ్చిందండీ." నడుము దగ్గర నుంచి పసుపు కాగితం తీసి, ప్రహరీ గోడ మీద పరిచి, ఉంది అన్న గడిలో గీత గీసింది. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. పక్క గడిలో పడిన చుక్కని ఏం చెయ్యాలో తెలియక, దాని మీద చిన్న సున్నా చుట్టి కొట్టేసింది. సంతకం పెట్టింది.

ఆఫీసరు మాస్కు కిందకి లాక్కున్నాడు, ఇంతసేపటికి మొహం కనపడింది, మంచివాడి మొహమే. "అమ్మా, అక్కడి సంగతి మీకు తెలిసినట్టు లేదు. అభ్యంతరం వచ్చిన ఫైలు మూడు నెలల దాకా మళ్లీ తియ్యరు. మూడు నెలలంటే..." ఆగిపోయాడు. "నిన్న ఆ బ్యారక్ నుంచి ఇంకో ఇద్దర్ని తీసుకెళ్లారు. మీ అన్నయ్యకి ఆ ఛాతీతో..."

"తెలుసండీ. చిన్నప్పటి నుంచీ ఉంది వాడికి."

"ఈ రెండింట్లో నన్నేది నమ్మమంటారు మరి?"

"గది నిజంగానే ఖాళీగా ఉందండీ," అంది ఆమె. "అభ్యంతరం కూడా ఉంది."

పసుపు కాగితం అందుకుని తిప్పి చూశాడు. "కారణాలు రాయలేదు," అన్నాడు నీరసంగా.

"రాయకపోతే చెల్లదా?"

"చెల్లుతుంది." పసుపు కాగితాన్ని తెల్లదాని మీద పెట్టి, రెండిటికీ కలిపి ఒకే క్లిప్పు వేశాడు. ఇంకో పదిహేను ఇళ్లున్నాయని తనలో తాను అనుకుంటూ స్కూటరు తీశాడు. అది మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది. దుఃఖం వస్తుందేమో అనుకుంది. దప్పిక వేసింది. లోపలికి వెళ్లి గ్లాసుడు నీళ్లు తాగి, ఇంకో గ్లాసు తాగి, మూతి తుడుచుకుంది.

"ఏమన్నాడే? అంతసేపు ఏం మాట్లాడాడు?"

"అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడమ్మా. కాగితాలు తీసుకెళ్లాడు."

"ఎన్నాళ్లకి వస్తాడట?"

"చెప్పలేదు. ఇరవై రోజులు పట్టొచ్చు."

తల్లి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది, ఆ ఏడుపులోనే నవ్వింది, ఎముకలు తేలిన భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. "నా తల్లే, నా బంగారమే, ఇంకొకతె అయితే వాణ్ణి గుమ్మం తొక్కనిచ్చేదా? నువ్వు కాబట్టి. నీ కడుపు చల్లగా, వాడికి నువ్వే ఊపిరి పోశావే." కొంగుతో కళ్లొత్తుకుని, అంతలోనే ఏదో తట్టినట్టు తల తిప్పి చూసింది. "ఒసే, ఈ మంచం కాస్త అటు తిప్పవూ? ఇలా పడుకుంటే గోడే కనపడుతుంది నాకు. వాడు లోపలికి రాగానే ముందు నేనే చూడాలి."

ఆమె మంచం కాళ్ల వైపు వంగి, బలమంతా పెట్టి ఎత్తి జరిపింది. మంచం నేల మీద గీసుకుంటూ తిరిగింది. తల్లి దిండు మీద తల ఎత్తి గుమ్మం వైపు చూసుకుంది.

"కనిపిస్తోందా అమ్మా?"

"ఇంకాస్త."

ఇంకాస్త జరిపింది.